బిచ్చమెత్తిన సన్యాసుల చర్చికి బంగారు తొడుగు

పోర్చుగల్ ఉత్తర భాగంలో, డౌరో నది అట్లాంటిక్‌లో కలిసే చోటుకు కాస్త ఎగువన పోర్తో నగరం ఉంది. నది ఒడ్డునున్న రిబైరా పేట నుంచి కొద్ది దూరం నడిస్తే సావ్ ఫ్రాన్సిస్కో చర్చి వస్తుంది. బయటి నుంచి చూస్తే ప్రత్యేకంగా ఆగి చూడాలనిపించే కట్టడమేమీ కాదు. కాలానికి మసకబారిన గ్రానైట్ గోడలు, పైన గులాబీ ఆకారపు గుండ్రటి కిటికీ, తర్వాతి రోజుల్లో అతికించిన మెలికల స్తంభాల ద్వారం, అంతే. ఎండలోంచి లోపలికి అడుగుపెడితే మొదట కళ్లకు చీకటే తగులుతుంది. కాసేపటికి ఆ చీకట్లో అక్కడొక మెరుపు, ఇక్కడొక మెరుపు మొదలవుతాయి. స్తంభాలు, తోరణాలు, బలిపీఠాల వెనక గోడలు, చివరికి పైకప్పు దాకా చెక్కిన కలప, దాని మీద బంగారం. ఆకులు, ద్రాక్ష గుత్తులు, పక్షులు, రెక్కల పసిపిల్లలు ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చున్నట్టుంటాయి. ఖాళీగా వదిలిన జాగా దొరకడమే కష్టం.

ఈ చర్చి ఎవరిదో గుర్తొస్తే చిక్కు మొదలవుతుంది. సావ్ ఫ్రాన్సిస్కో అంటే పునీతుడైన అస్సీసి ఫ్రాన్సిస్. ఆయన బట్టల వ్యాపారి కొడుకు. ఆస్తి వదిలేసి, అతుకుల అంగీ వేసుకుని, పేదరికాన్నే వ్రతంగా పట్టాడు. 1223లో పోపు ఆమోదించిన ఆయన నియమావళి, సోదరులెవరూ డబ్బు ముట్టరాదని కచ్చితంగా చెబుతుంది. బిచ్చమెత్తి బతికే సన్యాసుల సంఘం అది. అలాంటివాళ్ల మఠం చర్చికి ఇంత బంగారం ఎక్కడిది? వచ్చిన ప్రతివాళ్లకూ కలిగే ప్రశ్న ఇదే. "సన్యాసులు చెడిపోయారు" అన్న తేలికపాటి జవాబు కూడా అప్పుడే నోటికొస్తుంది. ఆ జవాబు పూర్తిగా తప్పని అనలేం. కానీ ఆ బంగారం జమాఖర్చుల పుస్తకం విప్పితే అందులో సన్యాసుల పేర్లకంటే ఊరి వ్యాపారుల పేర్లే ఎక్కువ కనిపిస్తాయి.

ముందు రాతి సంగతి. ఫ్రాన్సిస్కన్లు 13వ శతాబ్దంలో పోర్తో చేరారు. అప్పట్లో ఊరి మీద బిషప్‌దే పెత్తనం. కొత్తగా వచ్చిన ఈ బిచ్చగాళ్ల సంఘం ఆయన కంటికి ఆనలేదు. గొడవలు నడిచాయి, పోపు కల్పించుకున్నాక గానీ వీళ్లు నిలదొక్కుకోలేదు. మొదటి చిన్న చర్చి స్థానంలో ఇప్పుడున్న పెద్ద గోథిక్ చర్చి పని 1383 ప్రాంతంలో, ఫెర్నాండో 1 రాజు కాలం చివర్లో మొదలై 1425 నాటికి ఒక కొలిక్కి వచ్చింది. మూడు వరసల హాలు, మొన తేలిన తోరణాలు, సాదా గోడలు. ఉపదేశం వినడానికి జనం పెద్ద సంఖ్యలో నిలబడేందుకు కట్టిన చోటు అది. ఫ్రాన్సిస్కన్ల అసలు పని ఉపదేశమే కాబట్టి, వాళ్ల చర్చిలు యూరప్‌లో చాలా చోట్ల ఇలాగే ఉంటాయి. ఆ సాదా చర్చి ఇప్పటికీ పోలేదు, బంగారం కింద చెక్కుచెదరకుండా ఉంది. కొన్ని చోట్ల చెక్కడాల సందుల్లోంచి బూడిదరంగు గ్రానైట్ తొంగిచూస్తుంది. ఒకే చర్చిలో రెండు చర్చిలున్నాయని తెలియాలంటే అలాంటి సందులను వెతుక్కుంటూ చూడాలి.

తొడుగు ఎందుకు పడింది? దీనికి జవాబు నేల కింద ఉంది. మధ్యయుగాల యూరప్‌లో డబ్బున్నవాళ్లు చనిపోయాక చర్చి లోపల, వీలైనంతవరకు బలిపీఠానికి దగ్గరగా పాతిపెట్టించుకునేవారు. పేదరికాన్ని పాటించే ఫ్రాన్సిస్కన్ల ప్రార్థనకు బలం ఎక్కువని నమ్మకం. అందుకని వాళ్ల చర్చిలో సమాధికి గిరాకీ కూడా ఎక్కువే. ఊరి పెద్ద కుటుంబాలు ఒక్కో ప్రార్థనా గదిని తమ పేర పెట్టుకుని, దాని కట్టుబడికీ అలంకరణకూ ఖర్చు పెట్టేవి. ఇక్కడి స్నానికుడైన యోహాను గది 16వ శతాబ్దంలో కార్నైరో కుటుంబం కట్టించుకున్నది. కుటుంబాలతో పాటు భక్తులైన ఊరివాళ్ల సోదర సంఘాలు ఉండేవి. ఒక్కో సంఘానికి ఒక్కో పునీతుడు, ఆయనకొక బలిపీఠం. పక్క సంఘం బలిపీఠానికి కొత్త చెక్కడం పడితే వీళ్లకు నిద్ర పట్టేదా? పోటీ పెరిగింది. చర్చి మొత్తానికి ఒక పథకం, ఒక కళాకారుడు లేకపోవడానికి కారణం ఇదే. లోపలున్నదంతా తరతరాలుగా వేర్వేరు జేబుల్లోంచి వచ్చిన పని. కాబట్టి ఆ బంగారాన్ని సన్యాసుల ఆస్తిగా చూడటంకంటే, సన్యాసుల గోడల మీద ఊరివాళ్లు రాసుకున్న పేర్లుగా చూడటం సబబు.

అయితే సన్యాసులు వద్దనలేదు, వద్దనాల్సిన అవసరం కూడా వాళ్లకు కనబడలేదు. ప్రొటెస్టెంట్లు బొమ్మలను, ఆడంబరాన్ని తప్పుపట్టారు. కేథలిక్ చర్చి, బిషప్పులు కూడిన ట్రెంట్ మహాసభలో, 1563లో, పునీతుల బొమ్మలను గౌరవించడం సరైనదేనని తేల్చి చెప్పింది. దాంతో చర్చి లోపలి భాగం కంటితో చదివే పాఠమైంది. దివ్యసత్ప్రసాదాన్ని, అంటే క్రీస్తు శరీరంగా కొలిచే రొట్టెను, అందరికీ కనబడేలా ఎత్తున నిలపడానికి, పోర్చుగీసువాళ్లు ప్రధాన బలిపీఠం వెనక మెట్లు మెట్లుగా లేచే ఒక సింహాసనాన్ని ఏర్పాటు చేసుకున్నారు. కొవ్వొత్తుల వెలుగు అడుగు నుంచి పైకి పాకుతుంటే ఆ మెట్ల బంగారం కదులుతున్నట్టు కనబడేది. ఇవాళ కరెంటు దీపాల కింద అదే బంగారం నిశ్చలంగా, కొంచెం అలసటగా ఉంటుంది. ఇది తయారైంది మినుకుమినుకుమనే వెలుగు కోసం.

రాయి వదిలి కలపను పట్టుకోవడానికి మామూలు కారణమొకటి ఉంది. పోర్చుగల్ ఉత్తరాన దొరికేది గ్రానైట్. గరుకు రాయి, సన్నటి పనికి లొంగదు. ఇటలీవాళ్లకున్న పాలరాయి వీళ్లకు అందుబాటులో లేదు. చెస్ట్‌నట్, ఓక్ కలప మాత్రం దండిగా ఉంది. కలపను వర్క్‌షాపులో ముక్కలు ముక్కలుగా చెక్కి, తెచ్చి గోడకు బిగించవచ్చు. పాత కట్టడాన్ని కూల్చకుండానే లోపలంతా కొత్తగా మార్చేయవచ్చు. పోర్చుగీసులో దీన్ని తాల్యా దోరాదా అంటారు, అంటే బంగారు పూత పూసిన చెక్కడం. చాలా చర్చిల్లో దీనికి జోడీగా గోడలకు అతికించిన నీలి తెలుపు పింగాణీ పలకలుంటాయి. సావ్ ఫ్రాన్సిస్కోలో రాజ్యమంతా కలపదే.

ఇందులోనూ కాలాలున్నాయి, కొంచెం అలవాటైతే కళ్లు వాటిని విడదీస్తాయి. 17వ శతాబ్దం చివరి పాతికేళ్ల నుంచి నడిచిన పద్ధతిని కళా చరిత్రకారులు జాతీయ శైలి అంటారు. మెలికలు తిరిగిన స్తంభాలు, వాటికి చుట్టుకున్న ద్రాక్షతీగలు, గింజలు పొడిచే పక్షులు, స్తంభాల మెలికలే పైన తోరణాలుగా ఒకదానిలో ఒకటి ఇమిడిపోవడం దాని గుర్తులు. 1706లో గద్దెనెక్కిన జువావ్ 5 రాజుకు రోమ్ నగరపు హంగు మీద మోజు. ఆయన కాలంలో పందిళ్లు, తెరలు, బరువు మోసే మనుషుల బొమ్మలు, నాటకరంగం లాంటి అమరిక వచ్చాయి. ఆ తర్వాత రొకోకో, అంటే గవ్వల వంపులు, కాస్త తేలికదనం. మూడూ ఒకే కప్పు కింద పక్కపక్కనే ఉండటంతో కొత్తవాళ్లకు అంతా ఒకే గజిబిజిగా కనబడుతుంది.

పని చేసినవాళ్ల దగ్గరికి వస్తే మనకు బాగా తెలిసిన మాట ఒకటి ఎదురవుతుంది. నోటరీ ముందు రాసుకున్న ఆనాటి ఒప్పందాల్లో చెక్కడం పని పట్టినవాణ్ణి 'మెస్త్రె' అంటారు. మన ఊళ్లలో ఇల్లు కట్టే మేస్త్రీ ఆ మాటే, పోర్చుగీసు ఓడలతో మన తీరానికి దిగి తెలుగులో స్థిరపడింది. అర్థం కూడా పెద్దగా మారలేదు. కూలీలను పెట్టుకుని, పని గుత్తకు తీసుకుని, గడువు లోపల అప్పజెప్పాల్సినవాడు. అక్కడా ఒక్కడి పని కాదది. నమూనా గీసేవాడొకడు, కలప అతికేవాడొకడు, ఆకులు పూలు చెక్కేవాడొకడు, మనుషుల బొమ్మలు చెక్కేవాడు వేరొకడు. బంగారాన్ని సుత్తితో కొట్టి రేకు చేసేవాడిది మరో వృత్తి, దాన్ని అతికించేవాడిది ఇంకో వృత్తి. చాలా చోట్ల చెక్కడానికీ పూతకూ ఒప్పందాలే వేరు. చెక్కడం పూర్తయ్యేసరికి డబ్బయిపోతే, బంగారం కోసం విరాళాలు పోగయ్యేదాకా కలప ఏళ్లకేళ్లు అలాగే తెల్లగా ఉండిపోయేది.

పూత పద్ధతి ఓపికతో కూడిన పని. ముందుగా తోలు ముక్కలను ఉడికించి తీసిన జిగురు కలపకు పట్టిస్తారు. దాని మీద జిగురు కలిపిన సుద్ద లాంటి తెల్లటి పూత, ముందు గరుకుది, తర్వాత మెత్తనిది, పొర మీద పొర. ఆరాక నునుపుగా రుద్ది, సన్నటి ఎర్ర మట్టి పూస్తారు. బంగారం వెచ్చగా, లోతుగా కనబడటం వెనక ఉన్నది ఈ ఎర్రదనమే. రేకు అరిగిన చోట్ల అది బయటపడి తుప్పులా కనిపిస్తుంది. ఆ మట్టిని తడిపి, గాలి ఊదితే ఎగిరిపోయేంత పలచని రేకును కుంచెతో ఎత్తి దాని మీద వాలుస్తారు. ఆరీ ఆరకముందు అగేట్ రాయితో రుద్దితే అద్దంలా మెరుస్తుంది. కొన్ని భాగాలను కావాలనే రుద్దకుండా వదిలేస్తారు. మెరిసేదీ మెరవనిదీ పక్కపక్కన ఉంటేనే చెక్కడం లోతు తెలుస్తుంది. పునీతుల బట్టలకు ఇంకో చమత్కారం ఉంది. బంగారం మీద రంగు వేసి, ఆ రంగును సన్నటి మొనతో గీకి డిజైన్లు తీస్తారు. కింది బంగారం గీతల్లోంచి బయటపడి జరీ పట్టుబట్టలా ఉంటుంది.

ఇది తెలిశాక, గైడ్లు చెప్పే "వందల కిలోల బంగారం" కథను మరోసారి తూచి చూడాలి. ఒక్కొక్కరు ఒక్కో అంకె చెబుతారు, 300 కిలోల మాట ఎక్కువగా వినబడుతుంది. లెక్క వేయడం కష్టమేమీ కాదు. ఇప్పటి బంగారు రేకు మందం మిల్లీమీటరులో దాదాపు పదివేలో వంతు. అంత పలచన చేస్తే ఒక్క గ్రాము సుమారు అర చదరపు మీటరు పరుచుకుంటుంది. ఆ లెక్కన 300 కిలోలు పరిస్తే లక్షా యాభై వేల చదరపు మీటర్లు, అంటే 37 ఎకరాలు. పాతకాలపు రేకు ఇంకా మందం, ఐదు రెట్లు అనుకున్నా, ఏడెకరాల పైమాటే. చెక్కడాల వంపులన్నీ విప్పి పరిచినా ఒక్క చర్చిలో అంత జాగా ఉంటుందని నమ్మడం కష్టం. కాజూ బర్ఫీ మీది వెండి రేకును చూసి ముద్ద వెండి అనుకోం కదా, ఇదీ అంతే. ఖరీదు బంగారంలో ఉన్నంత, ఒక్కోచోట అంతకంటే ఎక్కువ, చేతి పనిలో ఉంది. కిలోల లెక్క ఆ పనివాళ్లను మరుగున పడేస్తుందన్నదే అసలు ఇబ్బంది.

బ్రెజిల్ సంగతి కూడా ఇలాగే సగం నిజం. 1690లలో బ్రెజిల్‌లోని మినాస్ జెరైస్ ప్రాంతంలో బంగారం బయటపడింది. ఆఫ్రికా నుంచి బలవంతంగా తెచ్చిన బానిసలు నదుల్లో, గనుల్లో దాన్ని తవ్వి తీశారు. అందులో ఐదో వంతు రాజుగారి వాటా. 18వ శతాబ్దం మొదటి సగంలో ఆ బంగారు వరద లిస్బన్‌ను ముంచెత్తింది. 1717లో మొదలైన మాఫ్రా రాజభవనం, మఠం ఆ డబ్బుతో లేచినవే. పోర్తో చర్చిల జోరుకూ అది ఊపునిచ్చింది. కానీ బంగారు చెక్కడాల మోజు బ్రెజిల్ బంగారం రాకముందే మొదలైంది. జాతీయ శైలి రూపు కట్టింది అంతకు ముందే. వరద వచ్చేనాటికి కాలువ తవ్వి ఉంది, అందుకే నీళ్లు అంత వేగంగా పారాయి. పోర్తో వ్యాపారులకు డౌరో లోయ వైన్ ఎగుమతి కూడా ఉండేది. 1703లో ఇంగ్లండ్‌తో కుదిరిన మెథ్యుయెన్ ఒప్పందం పోర్చుగీసు వైన్‌కు సుంకంలో రాయితీ ఇచ్చింది. కాబట్టి ఈ గోడల మీద గని బానిసల చెమటతో పాటు ద్రాక్షతోటల రాబడి కూడా ఉంది. ఏది ఎంత అని విడదీయడం వీలు కాదు. ఆ బానిసల కోసం మాత్రం ఇక్కడ ఏ బలిపీఠమూ లేవలేదు.

ఇంత గందరగోళంలో ఒక్కచోట ఎక్కువసేపు ఆగాలనుకుంటే, ప్రధాన ద్వారం నుంచి బలిపీఠం వైపు నడుస్తుంటే ఎడమ వరసలో ఉన్న యెష్షయి వృక్షం దగ్గర ఆగాలి. 1718 నుంచి 1721 మధ్య ఫిలిప్ ద సిల్వా, ఆంటోనియో గోమెస్ చెక్కారు. బైబిల్లో దావీదు రాజు తండ్రి అయిన యెష్షయి మొద్దు నుంచి చిగురు పుడుతుందని యెషయా ప్రవక్త చెప్పిన మాటకు ఇది బొమ్మ. అడుగున ముసలి యెష్షయి పడుకుని ఉంటాడు. ఆయన ఒంట్లోంచే చెట్టు మొలిచి, కొమ్మలుగా విచ్చుకుని పైకి పాకుతుంది. కొమ్మల మీద పన్నెండుమంది యూదా రాజులు, చిటారున బాలయేసుతో మరియమాత. వంశవృక్షం అన్న మాటను అక్షరాలా చెట్టుగా మలిచిన పని. రాజులు బిగుసుకుని కూర్చోరు. ఒకడు కొమ్మను పట్టుకుని వాలితే, ఒకడు పక్కకు తిరిగి చూస్తుంటాడు. చెట్టెక్కిన మనుషులకుండే తేడా ప్రతి ఒంట్లోనూ కనిపిస్తుంది. చుట్టూ ఉన్నదంతా బంగారమే అయినా ఇక్కడ రంగులున్నాయి, మొహాలున్నాయి. కంటికి ఊపిరాడుతుంది.

ఈ చెట్టు ఇక్కడే ఎందుకు? ఇది అమలోద్భవి మాత బలిపీఠం. మనుషులందరికీ పుట్టుకతోనే వస్తుందని నమ్మే జన్మపాపం, మరియమాతకు తల్లి కడుపున పడ్డప్పుడు కూడా అంటలేదా అన్నది శతాబ్దాల పాటు నడిచిన వాదం. డొమినికన్లనే మరో సన్యాసుల సంఘంవాళ్లు చాలామంది అంటిందంటే, ఫ్రాన్సిస్కన్లు అంటలేదని పట్టుబట్టారు. పోర్చుగల్‌లో దీనికి రాజకీయం కూడా తోడైంది. స్పెయిన్ పాలన వదిలించుకున్న కొత్త రాజవంశపు తొలి రాజు జువావ్ 4, 1646లో అమలోద్భవి మాతను దేశానికి రక్షకురాలిగా ప్రకటించాడు. అంటే ఈ చెట్టు ఒక సంఘం వాదాన్నీ, ఒక రాజ్యం గర్వాన్నీ కలిపి మోస్తోంది.

మొరాకో మృతవీరుల బలిపీఠం వేరే రుచి. 1220లో మరాకేష్‌లో తలలు తెగిన ఐదుగురు ఫ్రాన్సిస్కన్ల కథ అది. చెక్కడం సున్నితంగా ఏమీ ఉండదు, కత్తి ఎత్తిన చేతులు, వంగిన మెడలు, అన్నీ సూటిగా. వాళ్ల అస్థికలు పోర్చుగల్‌లోని కోయింబ్రాకు వచ్చినప్పుడు, అక్కడ వేరే మఠంలో ఉన్న ఫెర్నాండో అనే యువకుడు చలించిపోయి ఫ్రాన్సిస్కన్లలో చేరి, పేరు ఆంటోనియోగా మార్చుకున్నాడు. తెలుగు కేథలిక్కులు పాదువా పురి అంతోనివారని కొలిచేది ఆయన్నే. పేరు ఇటలీ ఊరిది, పుట్టుక మాత్రం లిస్బన్.

నిజం చెప్పాలంటే ఈ చర్చి అంతా ఒకే స్థాయిలో లేదు. కొన్ని చోట్ల ఆకులూ వంపులూ అలవాటుగా చెక్కుకుంటూ పోయిన పనే. పసిపిల్లల మొహాలు కొన్ని అచ్చు పోసినట్టు ఒకేలా ఉంటాయి. పది నిమిషాలకు కళ్లు అలిసి, ఏదీ ప్రత్యేకంగా కనబడని స్థితి వస్తుంది. చూసేవాళ్ల లోపం కాదది. ఒకేసారి అంతా చూడమని ఎవరూ దీన్ని తయారు చేయలేదు. ఎవరి సంఘం బలిపీఠం ముందు వాళ్లు, ఏడాది పొడవునా, పండగ పండగకూ నిలబడేవారు. టికెట్ కొని గంటలో తిరిగేవాళ్లు మూడు నాలుగు చోట్లు ఎంచుకుని మిగతావి వదిలేయడమే మేలు. ద్వారం దగ్గర 13వ శతాబ్దపు గ్రానైట్ ఫ్రాన్సిస్ విగ్రహం ఒకటుంది. చాలామంది దాన్ని దాటేసి బంగారం వైపు పరిగెడతారు. పొట్టిగా, మొద్దుగా, పాత రంగులతో ఉండే ఆ రాతి సన్యాసిని వెళ్లేటప్పుడు, వచ్చేటప్పుడు రెండుసార్లు చూడాలి. గోవాలో, పాత గోవా ఫ్రాన్సిస్ చర్చి బంగారు బలిపీఠం చూసినవాళ్లకు ఇక్కడి పద్ధతి వెంటనే పరిచయంగా అనిపిస్తుంది. అది ఇదే సంఘం, ఇదే అలవాటు సముద్రం దాటి వచ్చినది.

పక్కనే ఫ్రాన్సిస్కన్ మూడవ సభ భవనాలున్నాయి. మూడవ సభ అంటే సంసారాలు చేసుకుంటూ ఫ్రాన్సిస్ మార్గం పాటించే ఊరి జనం సంఘం, అందులోనూ వ్యాపారులే ముఖ్యులు. దాని కింద నేలమాళిగలో సమాధుల వరసలు. ఒకచోట నేలలో కంత పెట్టారు, వంగి చూస్తే కింద ఎముకల గుట్ట. జాగా సరిపోక, పాత ఎముకలు తీసి అక్కడ పోసి కొత్తవాళ్లకు చోటిచ్చేవారు. 1835లో ప్రభుత్వం ఊరి బయట శ్మశానాలు పెట్టమన్నా జనం చర్చి నేలను వదలలేదు. 1846లో చర్చిలో పాతిపెట్టకూడదన్న ఆరోగ్య చట్టం మీద ఉత్తర పోర్చుగల్ ఆడవాళ్లు ఏకంగా తిరగబడ్డారు. మరియా ద ఫోంట్ తిరుగుబాటు అంటారు, ప్రభుత్వమే మారిపోయింది. పైనున్న బంగారానికి కింద ఉన్న ఎముకలకు ఎంత గట్టి ముడి ఉందో ఈ ఒక్క గొడవ చెబుతుంది.

ఆ సరికి ఇక్కడ సన్యాసులు లేరు. సింహాసనం కోసం నడిచిన అంతర్యుద్ధంలో, 1832లో ఉదారవాదుల సైన్యంతో పెద్రో పోర్తోలో దిగితే, ఆయన తమ్ముడు మిగెల్ సేనలు ఏడాదికి పైగా ఊరిని ముట్టడించాయి. ఆ ముట్టడి రోజుల్లో మఠానికి నిప్పంటుకుని, లోపలి ప్రాంగణంతో సహా చాలా భాగం కాలిపోయింది. కలపతో నిండిన చర్చి మాత్రం మిగిలింది. 1834లో గెలిచిన ప్రభుత్వం దేశంలో మగ సన్యాసుల మఠాలన్నిటినీ రద్దు చేసింది. కాలిన మఠం స్థలాన్ని రాణి మరియా 2, 1841లో పోర్తో వర్తక సంఘానికి ఇచ్చింది. మరుసటి ఏడాది అక్కడ పలాసియో ద బోల్సా, అంటే స్టాక్ ఎక్స్ఛేంజి భవనం, పని మొదలైంది. అందులోని అరబ్బు హాలు ఒక్కటే పూర్తవడానికి 1862 నుంచి 1880 దాకా పట్టింది. చర్చిని ఆనుకునే ఉన్న ఆ హాలు గోడలకు, కప్పుకూ కూడా బంగారు పూతే.